తుఫానుకి బీజీఎం ఎందుకు?

తుఫాను వీడియోల కింద సంగీతం పెట్టకూడదు. ఏ సంగీతమైనా సరే. వయొలిన్ అయినా, వేణువు అయినా, ఏదో సినిమాలోంచి ఎత్తుకొచ్చిన ఆలాపన అయినా. నేను చాలాకాలంగా ఇలాగే అనుకుంటున్నాను. కానీ ఈ అభిప్రాయం నాకు మా శ్రీకాకుళం జిల్లాతో ఏ సంబంధమూ లేని ఒక కెనడా బ్యాండు వల్ల వచ్చింది. నలుగురిలో చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. ఇప్పుడు ఇంట్లోనే గొడవ మొదలైంది కాబట్టి రాసేస్తున్నాను.

బ్యాండు పేరు గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్. మధ్యలో ఆ ఆశ్చర్యార్థకం వాళ్లు పెట్టుకున్నదే. 1976లో జపాన్‌లో మోటారు సైకిల్ కుర్రాళ్ల గ్యాంగు మీద తీసిన ఒక డాక్యుమెంటరీ పేరును తెచ్చి తగిలించుకున్నారు. ఊరు మాంట్రియల్. నేను చెప్పబోయే ఆల్బం పేరు ఎఫ్ షార్ప్ ఏ షార్ప్ ఇన్ఫినిటీ. పేరు చూసి లెక్కల పుస్తకం అనుకోకండి. మొదటి రెండూ స్వరాలు, మూడోది అనంతం గుర్తు. 1997లో కాన్‌స్టెలేషన్ అనే చిన్న కంపెనీ దీన్ని వినైల్ రికార్డుగా కొద్ది వందల కాపీలే వేసింది. కవర్లు చేత్తో అంటించారు. ఒక్కో కవర్లో కొన్ని కాగితాలు, వాటితోపాటు రైలు చక్రాల కింద నలిగి పలచబడిన ఒక పెన్నీ నాణెం.

ఆ పెన్నీ సంగతి చదివినప్పుడే ఈ బ్యాండు మీద నాకు నమ్మకం కుదిరింది. హౌరా లైను పక్కన పెరిగిన మాలో పట్టాల మీద పది పైసల బిళ్ల పెట్టి తుప్పల్లో దాక్కోని వాడు లేడు. (ఇప్పుడెవరూ పెట్టకండి, కేసు అవుతుంది.)

పాడే మనిషి లేని పాటలు

మరుసటి ఏడు, 1998లో, షికాగోలోని క్రాంకీ అనే కంపెనీ దీన్నే సీడీగా తెచ్చింది. రికార్డు మీద నలభై నిమిషాల లోపు ఉన్నది సీడీలో గంట దాటింది. అందులో ఉన్నవి మూడే ట్రాకులు. మొదటిది పదహారు నిమిషాలు, రెండోది పద్దెనిమిది, మూడోది ఇరవై తొమ్మిది. ఫోన్లో మనకి దొరికేది చాలావరకు ఈ సీడీ రూపమే.

వీటిలో పాడేవాళ్లు లేరు. ‘ది డెడ్ ఫ్లాగ్ బ్లూస్’ అనే మొదటి ట్రాకులో ఒక బొంగురు మగగొంతు మాత్రం నింపాదిగా మాట్లాడుతుంది. మంటల్లో ఉన్న బండి, కుళ్లిన ప్రభుత్వం, కూలుతున్న ఊరు. రేడియోలో వాతావరణ సూచన చదివినంత మామూలుగా చదువుతాడు, గొంతు ఎక్కడా వణకదు. వెనకాల తీగవాద్యాల మోత సన్నగా సాగుతూ ఉంటుంది. తర్వాత మాట ఆగిపోతుంది, రైలు వెళ్తున్న చప్పుడు వస్తుంది, ఎక్కడో గిటారు ఒంటరిగా జారుతుంది. ఇంతా అయ్యాక, ఆఖర్లో, గ్లాకెన్‌స్పీల్ అనే బుల్లి గంటల వాద్యంతో దాదాపు హుషారైన ముక్క ఒకటి వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఫోను తానే వేరే పాటకి వెళ్లిపోయిందేమో అనుకున్నాను.

దీన్ని చీకటి ఆల్బం అంటారు. సెల్లో, వయొలిన్, గిటార్లు, డ్రమ్ములు అన్నీ కలిసి గోడలా లేచే చోట్లు చూపించి, ఇదిగో చీకటి అంటారు. నాకు అక్కడ చీకటి కనపడదు. ఆ చోట్లు నిజానికి హాయిగా ఉంటాయి. అంతసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు అవుతుంది. చీకటి ఉన్నది దానికి ముందున్న ఎనిమిది నిమిషాల్లో, దాని తర్వాత మిగిలిన అయిదు నిమిషాల్లో. ఏమీ జరగని చోట. రెండు గిటారు స్వరాలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, ఇంకేదో వస్తుందని చూస్తాం, రాదు. మళ్లీ అవే రెండు స్వరాలు.

ఈ సంగీతం తుఫానులా ఉంటుందని చెప్పడం చాలా తేలిక. మెల్లగా మొదలై, పెరిగి, విరుచుకుపడి, సద్దుమణుగుతుంది కదా అని. నేనూ ఒకరిద్దరికి అలాగే పరిచయం చేశాను. కానీ మా వైపు వాళ్లకి తుఫానంటే ఆ విరుచుకుపడే ఆరేడు గంటలు కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర టిట్లీ తీరం దాటింది. గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. సాయంత్రానికి అయిపోయింది. ఉద్దానంలో ఎవరినైనా టిట్లీ గురించి అడగండి. ఆ పొద్దుటి గురించి రెండు మాటలు చెప్పి, ఆ తర్వాతి నెలల గురించి గంటసేపు చెబుతారు.

ఎందుకంటే ఆ రోజు పడిపోయిన కొబ్బరి చెట్టు కన్నా నిలబడిన చెట్టు ఎక్కువ ఏడిపించింది. పడిన చెట్టుకి లెక్క ఉంటుంది. అధికారి వస్తాడు, ఫొటో తీసుకుంటాడు, రాసుకుంటాడు. మొవ్వు మెలితిరిగిపోయిన చెట్టు మాత్రం నిటారుగా నిలబడే ఉంటుంది. పచ్చగానే కనిపిస్తుంది. కొత్త ఆకు రాదు. ఉన్న మట్టలు ఒక్కొక్కటే వేలాడతాయి. బతుకుతుందా లేదా అని రైతు రోజూ కింద నిలబడి పైకి చూస్తాడు. కొన్ని నెలలకి తల రాలిపోయి మొండి మిగులుతుంది. దాన్ని కొట్టించాలి, కూలి ఇవ్వాలి, కొత్త మొక్క నాటితే కాపుకి రావడానికి అయిదారేళ్లు చూడాలి. కరెంటు లేని రోజుల్లో ఊళ్లో వినపడింది గాలి కాదు. అద్దె జనరేటర్ల రొద, దుంగలు కోసే మిషన్ రంపాల మోత, నీళ్ల ట్యాంకరు హారను. పొద్దున్న లేస్తే అవే మూడు చప్పుళ్లు, రాత్రి పడుకునే వరకు.

ఈ ఆల్బం నాకు ఆ రోజుల్లా వినిపిస్తుంది. గాలిలా కాదు.

మేనల్లుడి వీడియో

మా అప్ప వాళ్లది కవిటి వైపు. టిట్లీలో వాళ్ల తోట సగం పైగా పోయింది. అప్పుడు స్కూలు పిల్లాడిగా ఉన్న మా మేనల్లుడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వీడియోలు కోసి అతికించడంలో గట్టివాడు, పెళ్లిళ్లకి కూడా పిలుస్తారు. వాళ్ల నాన్న, అంటే మా బావ, ఆ పొద్దున్న కిటికీలోంచి పాత ఫోన్లో తీసిన ముక్కలు కొన్ని ఉన్నాయి. వాడు వాటిని ఏరి ఒక నిమిషం లోపు వీడియో చేశాడు. ఊరి గ్రూపుల్లో పెట్టాడు, బాగా తిరిగింది.

కింద పెట్టిన సంగీతం, నేను ఒకప్పుడు వాడికి వినిపించిన ఈ ఆల్బంలోదే. రెండో ట్రాకు ‘ఈస్ట్ హేస్టింగ్స్’. అందులో మధ్యనున్న ఆ పెద్ద ఉప్పెన లాంటి భాగం నుంచి నలభై సెకన్లు కోశాడు. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. పెరట్లోని పనస చెట్టు నేలకి తాకే క్షణానికి డ్రమ్ము దెబ్బ సరిగ్గా కూర్చుంది.

నన్ను ఇబ్బంది పెట్టింది ఆ దెబ్బే. బావని అడిగాను, ఆ చెట్టు పడినప్పుడు ఎంత చప్పుడైందని. “చప్పుడేటి బావా, గాలి హోరులో ఏటీ ఇనపళ్లేదు. అలా చూస్తుండగానే ఒరిగిపోనాది” అన్నాడు. ముప్పై ఏళ్ల చెట్టు కళ్ల ముందే చప్పుడు లేకుండా పడుకుంది. ఆ మాట విన్నాక నాకు ఒళ్లు జలదరించింది. వీడియోలో అదే చెట్టు థియేటర్లో విలన్ పడినట్టు పడింది.

మేనల్లుడితో అన్నాను, పద్దెనిమిది నిమిషాల దాన్ని నలభై సెకన్లు చేశావేమిట్రా అని.

“పద్దెనిమిది నిమిషాలు ఎవుడింటాడు మావయ్యా? పాట లేపోతే రెండు సెకన్లలో పైకి తోసేత్తారు.”

వాడన్నది నిజమే. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఊరు వదిలి చెన్నైలోనో ముంబైలోనో గల్ఫులోనో ఉన్నవాళ్లు ఆ వీడియో చూసి ఏడ్చామని వాడికి మెసేజీలు పెట్టారు. మరి నా అభ్యంతరం ఏమిటి? మంచి సంగీతం పాడు చేశాడనా? అదొక్కటే అయితే అది నా బడాయి. నా అభ్యంతరం చెట్టు వైపు నుంచి. ఆ డ్రమ్ము దెబ్బ చూసేవాడికి ఏమని చెబుతోంది? ఇదిగో, ఇక్కడ బాధపడు, ఇప్పుడు అయిపోయింది, ఇక నీ పని చూసుకో అని. నలభై సెకన్లలో దుఃఖానికి మొదలు, నడుమ, చివర అన్నీ దొరికేస్తాయి. మొవ్వు మెలితిరిగిన చెట్టుకి ఆ వీడియోలో చోటే లేదు. అది కదలదు, పడదు. దాని మీద దెబ్బ వెయ్యడానికి క్షణమంటూ ఉండదు.

టీవీ వాళ్ల సంగతి ఎత్తను. ఏటా అక్టోబరు రెండో వారం వచ్చిందంటే మాకు టెన్షన్. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ ఆ మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన, టిట్లీ దానికి ఒక్క రోజు ముందు. ఆ మూడుసార్లూ టీవీలో నీళ్లు, కూలిన స్తంభాలు, వాటి కింద ఏడుపు వాయిద్యం. చూసీ చూసీ అలవాటైపోయింది. ఎంతగా అంటే, మా తోట వీడియోకి మేమే దాన్ని పెట్టుకుంటున్నాం.

సినిమా వాళ్లు చేస్తే ఒప్పా?

ఇక్కడ నా వాదనకి పెద్ద అడ్డంకి ఒకటుంది. నాకు ఈ బ్యాండు తెలిసిందే సినిమా వల్ల. 2002లో డానీ బాయిల్ తీసిన ‘28 డేస్ లేటర్’లో, ఆసుపత్రిలో కళ్లు తెరిచిన కుర్రాడు ఎవరూ లేని లండన్ వీధుల్లో నడుస్తాడు. అక్కడ వినిపించేది ఈ ‘ఈస్ట్ హేస్టింగ్సే’. కోసి పెట్టిందే. మా మేనల్లుడు కోసిన భాగం కూడా అక్కడిదే. నేను ఆ సన్నివేశం ఎన్నోసార్లు చూశాను, ప్రతిసారీ పడిపోతాను. వాళ్లు చేస్తే గొప్ప, మావాడు చేస్తే తప్పా?

చాలా ఆలోచించాను దీని మీద. ఒక తేడా సులువుగానే కనిపిస్తుంది. ఆ సినిమాలో దర్శకుడు సంగీతానికి చోటిచ్చాడు. కుర్రాడు వంతెన మీద నడుస్తాడు, అరుస్తాడు, ఎవరూ పలకరు, ఇంకా నడుస్తాడు. ఏమీ జరగదు. తీగలు కొద్దికొద్దిగా పెరుగుతాయి. పెరిగే వరకు ఆగాడు. కోశాడు గానీ ఎదురుచూపును ఉంచి కోశాడు.

రెండో తేడా, ఆ లండన్ కట్టుకథ. ఖాళీ చేసిన వీధులు తెల్లారాక మళ్లీ నిండాయి. అక్కడ సంగీతం ఎవరి ఆస్తినీ ముట్టుకోలేదు. కవిటిలో పనస చెట్టు నిజంగా పడింది. అయితే ఈ రెండో తేడా మీద నాకు పూర్తి నమ్మకం లేదు. నిజంగా జరిగినదాని మీద సంగీతం పెట్టకూడదంటే మా జిల్లాలో సగం పాటలు చెరిపెయ్యాలి. శ్రీకాకుళ పోరాట కాలంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకు అనే వాద్యం వాయిస్తూ జముకుల కథ చెప్పింది నిజమైన జనం గురించే, నిజమైన ఆకలి గురించే. వంగపండు పార్వతీపురం వైపు నుంచి వచ్చి గజ్జె కట్టింది కూడా అందుకే. వాళ్లు కదిలించడానికే పాడారు. జనం కదిలారు. పాణిగ్రాహి 1969లో ప్రాణమే ఇచ్చాడు. మరి బాధ మీద జముకు వాయిస్తే ఒప్పు, గిటారు పెడితే తప్పు అని ఏ మొహంతో అనను?

నాకు తట్టిన జవాబు ఇది. జముకుల కథకుడు బాధ పడ్డవాళ్ల ముందే నిలబడి చెబుతాడు. తేడా చెబితే ముందు వరుసలో ముసలమ్మ లేచి అడుగుతుంది. పైగా ఆ కథ ఎవరి వల్ల ఈ గతి పట్టిందో పేరు పెట్టి చెబుతుంది, కోపం ఎటు పోవాలో దారి చూపిస్తుంది. వీడియో కింద వాయిద్యం ఎవరి పేరూ చెప్పదు. గాలి వచ్చింది, చెట్టు పడింది, ఏడవండి. కరెంటు అన్నాళ్లు ఎందుకు రాలేదు, నిలబడి చచ్చిన చెట్టు లెక్కలోకి ఎందుకు ఎక్కలేదు అనే ప్రశ్న ఆ ఏడుపులో తడిసి మెత్తబడిపోతుంది. చిత్రమేమంటే, పాడే మనిషే లేని ఆ కెనడా ఆల్బం ఆ పని చేస్తుంది. మొదటి నిమిషంలోనే ఆ బొంగురు గొంతు ప్రభుత్వం పేరెత్తుతుంది. తర్వాత గంటసేపు వచ్చే వాయిద్యమంతా ఆ మాట కిందే నడుస్తుంది.

రాగాలు తీసి ఏడవడం

విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న స్నేహితుడు ఒకడున్నాడు నాకు. ఆ కళాశాల 1919 నాటిది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. ఆ మెట్లెక్కినవాళ్లకి వయొలిన్ గురించి కొంచెం గర్వం ఎక్కువే ఉంటుంది, ఉండాలి కూడా. వాడికి ఈ ఆల్బం మొత్తం వినిపించాను, మధ్యలో ఆపకూడదని మాట తీసుకుని.

అయిపోయాక వాడు చెప్పిన మొదటి సంగతి నేను ఎన్నడూ గమనించనిది. ఎఫ్ షార్ప్‌ని షడ్జమం, అంటే ‘స’ అనుకుంటే ఏ షార్ప్ అంతర గాంధారం, అంటే ‘గ’ అవుతుందట. “ఇది చీకటి స్వరం కాదురా, పొద్దుటి కచేరీ స్వరం. పేరులోనే వెలుగు పెట్టుకుని చీకటని ఎందుకంటారు?” అన్నాడు. రెండో సంగతి ఫిర్యాదు. రాగం ముందుకు నడవదని. ఆలాపనలో కూడా నిదానం ఉంటుంది, కానీ విద్వాంసుడు ఒక్కో స్వరం దగ్గర కొత్త తలుపు తీస్తాడు, వీళ్లు ఒకే గుమ్మం దగ్గర నిలబడి తడుతున్నారు అని. మూడో ట్రాకు చివర కొన్ని నిమిషాలు అసలు ఏమీ వినపడకుండా ఉంచి, తర్వాత మళ్లీ ఒక ముక్క వాయించడం వాడికి మరీ ఒళ్లు మండించింది. “శ్రోతతో ఆటలా?”

వాడి ఫిర్యాదు సబబే. ఇది ఆలాపన కాదు. నేను దీన్ని శాస్త్రీయ సంగీతం పక్కన కూర్చోబెట్టి మార్కులు వేయించాలని చూడటం లేదు. నాకు దీనికి దగ్గరగా అనిపించేది కచేరీ హాల్లో ఉండదు. చావు ఇంటి ముందు ఉంటుంది.

మా వైపు ఆడవాళ్లు రాగాలు తీసి ఏడవడం పట్నం వాళ్లకి వింతగా ఉంటుంది, కొందరు నాటకం అని కూడా అంటారు. కాస్త కూర్చుని వింటే దాని నడక తెలుస్తుంది. ఒకే వరస. పోయినవాడు ఏం తిన్నాడో, ఎవరిని ఏమని పిలిచేవాడో, ఏ పొలం ఎలా కొన్నాడో అన్నీ అదే వరసలో వస్తాయి. గంట గడిచేసరికి గొంతులు అలసి సద్దుమణుగుతాయి. ఎవరో టీ గ్లాసులు తెస్తారు. కట్టెలు ఎవరు తెస్తున్నారు, పెద్దకొడుకు బండి ఎక్కడి దాకా వచ్చింది అని మామూలు మాటలు నడుస్తాయి. ఇంతలో వీధి చివర ఆటో ఆగుతుంది. మేనత్త దిగుతుంది. ఆమె గుమ్మం దాటకముందే ఏడుపు మళ్లీ మొదటినుంచి లేస్తుంది, ఈసారి ఇంకా పైకి. మళ్లీ దిగుతుంది. ఇంకో ఆటో. ఇలా ఎన్నిసార్లు లేవాలో ముందుగా ఎవరికీ తెలియదు. ఎందరు బంధువులుంటే అన్నిసార్లు. దాన్ని తొందరపెట్టేవాళ్లు ఉండరు. మధ్యలో నవ్వు వచ్చినా తప్పు పట్టేవాళ్లు ఉండరు. మా తాతగారి చావులో ఆయన చుట్ట అలవాటు తల్చుకుని ఏడుస్తున్న అత్తలే ఫక్కుమన్నారు.

ఆ గ్లాకెన్‌స్పీల్ హుషారు నాకు అక్కడ అర్థమైంది. విషాదం నడుమ ఉల్లాసం పెట్టడం కొత్త ప్రయోగం చేద్దామని కాదు. అంతసేపు దుఃఖంలో కూర్చుంటే అదీ వస్తుంది, నిద్రా వస్తుంది, విసుగూ వస్తుంది. దుఃఖానికి నిడివి ఇస్తేనే అవన్నీ లోపలికి రాగలవు. నలభై సెకన్లలో విసుగుకి చోటెక్కడ? విసుగు లేని దుఃఖం నేనైతే ఎక్కడా చూడలేదు.

“మనకున్న ఏడుపులు చాలవా, కొని తెచ్చుకుని మరీ వినాలా?” అని ఒక సహోద్యోగి అడిగారు. ఈ ప్రశ్నకి నేను పెద్దగా విలువ ఇవ్వను. ఆయన రోజూ సాయంత్రం చూసే సీరియల్లో ఏడుపు కొని తెచ్చుకున్నదే.

వీధిలో దొరికిన గొంతు

దీనికన్నా గట్టి అనుమానం వేరే ఉంది, అది నాకే వచ్చింది. ‘ఈస్ట్ హేస్టింగ్స్’ అనేది వాంకూవర్‌లో ఒక వీధి పేరు. ఇళ్లు లేనివాళ్లు, మత్తుకి బానిసలైనవాళ్లు ఎక్కువగా ఉండే పేటలోని వీధి. ఆ ట్రాకు మొదట్లో ఒక వీధి ప్రచారకుడు దేవుడి గురించి అరుస్తుంటాడు. అతని వెనక బ్యాగ్‌పైపు, తోలుతిత్తిలో గాలి ఊది వాయించేది, మొదటి ట్రాకులో విన్న వరసనే మళ్లీ పలుకుతుంది. మూడో ట్రాకు ‘ప్రావిడెన్స్’ కూడా ఇలాగే ఒక దారినపోయే మనిషిని, లోకం అంతం అయిపోతుందటగా అని పలకరించడంతో మొదలవుతుంది. ఆయన అదేం పట్టనట్టు జవాబిస్తాడు.

మరి ఇదేమిటి? రోడ్డు మీద ఉన్న మనుషుల గొంతులు తెచ్చి ఆల్బంలో పెట్టుకోవడం, మా మేనల్లుడు పనస చెట్టుకి చేసిన పనే కదా? నిజమైన బాధ, దాని కింద వాయిద్యం. అదీ అమ్మకానికి. ఈ మాట మొదట నాకు తట్టినప్పుడు వాదన మొత్తం కూలిపోయిందనుకున్నాను.

మళ్లీ విన్నాను. ఆ ప్రచారకుడి మాటల మీద ఏ దెబ్బా లేదు. ఏ మాట దగ్గర జాలిపడాలో, ఏ మాట దగ్గర నవ్వాలో సంగీతం చెప్పదు. అతను అరుస్తూనే ఉంటాడు, బ్యాగ్‌పైపు తన దారిన తాను పోతుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవు. వీధిలో నడిచేవాడికి వినపడేది అలాగే. ‘ప్రావిడెన్స్’లో మనిషి అయితే లోకం అంతం మాటనే తేల్చి పారేస్తాడు. అంటే ఆల్బం అంతా మోసుకొస్తున్న భయాన్ని, వీధిలో మనిషి చేతే ఆల్బంలోనే కొట్టి పారేయించారు. తమ చీకటిని కాదనేవాడికి కూడా మైకు ఇచ్చారు. అయినా ఇది నన్ను పూర్తిగా ఒప్పించలేదు. ఒక పేదవాడి అరుపు ఇంకెవరి రికార్డుకో అందం తెచ్చింది అనే మాట నిజంగానే మిగిలిపోతుంది. ఈ ఆల్బం వింటున్నప్పుడల్లా ఆ చోట కొంచెం ఇరుకుగా ఉంటుంది నాకు. ఉండనీ.

ఇక్కడే రికార్డు సంగతి ఒకటి చెప్పాలి. వినైల్ రికార్డు రెండో పక్క చివరి గాడి గుండ్రంగా మూసేసి ఉంటుంది. ముల్లు అందులోనే తిరుగుతూ ఉంటుంది, సంగీతం ఆగదు. పేరులోని అనంతం గుర్తు అదే. వినేవాడు కుర్చీలోంచి లేచి, వెళ్లి, ముల్లు ఎత్తి పక్కన పెట్టాలి. సీడీలోనూ ఫోన్లోనూ అది కుదరదు, దానంతటదే అయిపోతుంది. మనం ఎప్పుడు చాలించాలో వాళ్లు చెప్పరు, మనమే తేల్చుకోవాలి. సహాయ శిబిరాలు ఎత్తేసే తేదీలు నిర్ణయించేవాళ్లకి ఈ రికార్డు వినిపిస్తే ఎలా ఉంటుందో అని ఒక పిచ్చి ఊహ వస్తుంటుంది నాకు.

తోట ఎవరిది

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. కాస్త పొడుగ్గానే చెప్పాను. పాపం విన్నాడు. విని, “తోట మాది మావయ్యా. మా తోటకి ఏ పాట పెట్టుకోవాలో కెనడావోళ్లని అడగాలేటి?” అన్నాడు.

దీనికి జవాబు లేదు. ఉండకూడదు కూడా. ఆ పొద్దున్న కిటికీ వెనక నిలబడింది వాడు, నేను శ్రీకాకుళం టౌన్లో మేడింట్లో ఉన్నాను. దుఃఖాన్ని ఎలా చూపించాలో చెప్పే అధికారం దుఃఖపడినవాడిదే. కానీ వాడు వాడుకున్నది వాడి దుఃఖపు చప్పుడు కాదు కదా, ఫోన్లో అందరూ వాడే మీటర్ అది. పాట ఏదైనా కావొచ్చు, కొలత మాత్రం ఫోనుదే. ఏ సెకనులో దెబ్బ పడాలో వాడికి నేర్పింది పనస చెట్టు కాదు. ఈ మాట చెప్తే వాడు కాసేపు ఆలోచించి, “మరేటి సెయ్యమంటావు?” అన్నాడు.

బావ ఫోన్లో ఆ తర్వాతి వారాల్లో తీసినవి కూడా ఉన్నాయి. ఎవరూ చూడనివి. మిషన్ రంపంతో దుంగలు కోస్తున్నవి, ఖాళీ బిందెల వరస, తలలేని కొబ్బరి చెట్టు కింద నిలబడి పైకి చూస్తున్న అప్ప. అసలు శబ్దం ఉంచేసి, పాట లేకుండా, కోతలు తక్కువ పెట్టి ఇంకో వీడియో చెయ్యమన్నాను. చేశాడు. ఎనిమిది నిమిషాలకి పైగా వచ్చింది. నాకు ఊపిరాడలేదు చూస్తుంటే. అప్ప తల పైకెత్తి చూస్తూ ఉంటుంది, వెనక ఎక్కడో రంపం ఆగి మళ్లీ మొదలవుతుంది, ఎవరో “ఓలమ్మా, పక్కకి రా” అంటారు. అంతే. గ్రూపుల్లో పెడితే పెద్దగా ఎవరూ చూడలేదు. వాడు అనుకున్నట్టే అయింది.

రెండూ అప్పకి చూపించాం. మొదటిది చూసి కళ్లు తుడుచుకుంది. రెండోది మొత్తం చూడలేదు. సగంలో ఫోను వాడి చేతికిచ్చేసి, “ఇదేట్రా, ఇది నానే కదా రోజూ సూసింది. ఇందులో కొత్తేటుంది?” అంది.

ఆ మాట నా వైపు సాక్ష్యమా, వాడి వైపు సాక్ష్యమా అని మేమిద్దరం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం. ఆమె చూడక్కర్లేదు, నిజమే, ఆమెకి తెలుసు. చూడాల్సింది మిగతావాళ్లు అంటాను నేను. మిగతావాళ్లు పాట లేకపోతే చూడరు అంటాడు వాడు. అప్ప ఫోన్లో ఉంచుకున్నది మాత్రం పాట ఉన్నదే. చుట్టాలు వస్తే అదే చూపిస్తోంది. పాట బాగుంది, ఏ సినిమాలోది అని వాళ్లు అడుగుతున్నారట.